ఆపరేషన్ తర్వాతి రాత్రులు

క్యాన్సర్ ఆపరేషన్ చేయించుకున్నవారిని ఎక్కువగా వేధించే బాధల్లో నిద్ర పట్టకపోవడం ఒకటి. అయినా డాక్టరు రౌండ్స్‌కు వచ్చినప్పుడు రోగి నోట ముందుగా వచ్చేవి నొప్పి, జ్వరం, తిండి సహించకపోవడం. రాత్రంతా కళ్లు తెరుచుకునే పడుకున్న సంగతి చాలామంది చెప్పరు. ఇంత పెద్ద జబ్బు చేసినప్పుడు నిద్ర ఎలా పడుతుందిలే అని సరిపెట్టుకుంటారు. ఇంట్లోవాళ్లూ అలాగే అనుకుంటారు. ఆ సరిపెట్టుకోవడంలోనే బాధ పాతుకుపోతుంది.

కెనడాలోని లావాల్ విశ్వవిద్యాలయంలో జోజే సవార్ బృందం ఈ విషయాన్ని పెద్ద ఎత్తున పరిశీలించి, 2011లో ఫలితాలు ప్రచురించింది. తొలిదశ క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకున్న 962 మందిని ఆ బృందం 18 నెలల పాటు గమనించింది. ఆపరేషన్ సమయానికి నూటికి 59 మందిలో నిద్రలేమి లక్షణాలు కనిపించాయి. జబ్బుగా లెక్కించాల్సినంత తీవ్రంగా బాధపడుతున్నవారు నూటికి 28 మంది. నెలలు గడిచేకొద్దీ నిద్రలేమి లక్షణాలున్నవారి సంఖ్య తగ్గింది కానీ, 18 నెలలు నిండేసరికి కూడా నూటికి 36 మందిని ఆ లక్షణాలు వదల్లేదు. గాయం మానినంత మాత్రాన నిద్ర దానంతట అదే తిరిగి రాదని దీనివల్ల తెలుస్తోంది. దానికి వేరే శ్రద్ధ కావాలి. ఆ శ్రద్ధలో ఎక్కువ భాగం మనసుకు సంబంధించినది.

మత్తు వేరు, నిద్ర వేరు

ఆపరేషన్ బల్ల మీద గంటల తరబడి తెలివి లేకుండా ఉన్న మనిషికి మళ్లీ నిద్ర ఎందుకన్న సందేహం కొందరికి వస్తుంది. మత్తు మందు తెలివిని ఆపుతుంది, అంతే. సహజమైన నిద్రలో తేలిక నిద్ర, గాఢనిద్ర, కలల నిద్ర ఒకదాని వెంట ఒకటి వస్తూ, సుమారు గంటన్నరకు ఒక విడత చొప్పున రాత్రంతా తిరుగుతుంటాయి. మత్తులో ఈ వరుస ఉండదు.

పెద్ద ఆపరేషన్ అయ్యాక మొదటి ఒకటి రెండు రాత్రుల్లో కలల నిద్ర దాదాపుగా మాయమవుతుంది. గాఢనిద్ర బాగా తగ్గుతుంది. ఆ తర్వాతి రాత్రుల్లో కలల నిద్ర ఒక్కసారిగా ఎక్కువై, పీడకలలతో రోగి ఉలిక్కిపడి లేవడం జరుగుతుంది. ఇది మెదడు తన బాకీ తీర్చుకునే తీరు. దీన్ని చెడు శకునంగా తీసుకోనక్కర్లేదు.

నిద్ర ఇలా మారడానికి కారణాలు చాలా ఉన్నాయి. శరీరాన్ని కోసినప్పుడు కార్టిసాల్ వంటి ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి, వాపును నడిపే రసాయనాలు రక్తంలోకి విడుదలవుతాయి. ఇవి నిద్ర వరుసను చెదరగొడతాయి. నొప్పి తగ్గించే మార్ఫిన్ జాతి మందులు గాఢనిద్రనూ కలల నిద్రనూ అణుస్తాయి. అలాగని వాటిని మానేస్తే నొప్పే నిద్ర పోనివ్వదు. నిద్ర తగ్గిన శరీరం మర్నాడు అదే నొప్పిని మరింత ఎక్కువగా అనుభవిస్తుంది. నొప్పి నిద్రను, నిద్రలేమి నొప్పిని పెంచుకుంటూ పోయే ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట ఆపాలి. అందుకే నొప్పి భరించలేని స్థితి వచ్చేదాకా ఆగకుండా, మందును చెప్పిన వేళకు వేసుకోవాలని వైద్యులు చెబుతారు.

వార్డు కూడా నిద్రకు అనువైన చోటు కాదు. ఆసుపత్రి గదుల్లో రాత్రిపూట చప్పుడు 30 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఇద్దరు గుసగుసలాడుకుంటే అయ్యే చప్పుడు అంతే. మానిటర్ల మోతలు, ట్రాలీ చక్రాలు, పక్క మంచం మూలుగులు, నాలుగు గంటలకోసారి బీపీ చూసే నర్సు, ఆరకుండా వెలిగే ట్యూబులైటు ఉన్న వార్డులో ఆ మాట నిలబడటం కష్టం. చెవుల్లో దూది, కళ్లకు గంతలు, రాత్రి లైట్లు తగ్గించడం, అత్యవసరం కాని పరీక్షలను తెల్లవారాక చేయడం వంటి చిన్న మార్పులే ఇక్కడ పనికొస్తాయి.

కీమో మొదలైన తర్వాత మరో కారణం తోడవుతుంది. వాంతులు రాకుండా ఇచ్చే డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్లు మనిషిని రాత్రంతా మేలుకునేలా చేస్తాయి. వీలైన చోట వాటిని ఉదయం పూట ఇవ్వడం ఇందుకే.

అవయవాన్ని బట్టి ఇబ్బంది

ఏ భాగానికి ఆపరేషన్ జరిగిందన్నదాన్ని బట్టి రాత్రి ఇబ్బంది మారుతుంది. రొమ్ము తీసేసినవారు ఆ పక్కకు తిరగలేరు. చంక కింద నుంచి వచ్చే డ్రెయిన్ గొట్టం ఎక్కడ ఊడిపోతుందోనని రాత్రంతా వెల్లకిలా బిగుసుకుని పడుకుంటారు. ఆ తర్వాత టామాక్సిఫెన్ వంటి హార్మోన్ మందులు మొదలైతే, ఒళ్లంతా ఆవిర్లు వచ్చి చెమటలతో మెలకువ వస్తుంది. పెద్దపేగు ఆపరేషన్‌లో మలమార్గాన్ని పొట్ట మీద అంటించిన సంచిలోకి మళ్లించినవారిని, నిద్రలో సంచి కారుతుందేమో, పక్క పాడవుతుందేమో, వాసన వస్తుందేమో అన్న భయం వెంటాడుతుంది. అన్నవాహిక ఆపరేషన్ అయినవారు తల ఎత్తుగా పెట్టుకోకపోతే పుల్లని నీళ్లు గొంతులోకి ఎగదన్నుతాయి. ప్రోస్టేట్ ఆపరేషన్ అయినవారు మూత్రానికి పదేపదే లేవాల్సి వస్తుంది.

నోటి క్యాన్సర్, స్వరపేటిక క్యాన్సర్ ఆపరేషన్ల సంగతి మరీ కష్టం. పొగాకు, గుట్కా, చుట్ట అలవాట్ల వల్ల మన దేశంలో నోటి క్యాన్సర్ ఎక్కువ. గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెట్టిన మనిషి రాత్రి కఫం అడ్డుపడి ఊపిరాడకపోతే కేక వేయలేడు. మాట లేని మనిషికి చీకటి రెట్టింపు భయం. తలగడ పక్కన ఒక గంట, పలక, టార్చిలైటు పెట్టడం చిన్న విషయంగా కనిపించినా, పిలిస్తే పలికేవారున్నారన్న ధైర్యం అలాంటి వస్తువుల వల్లే వస్తుంది. ఆ ధైర్యంతోనే కన్ను మూతపడుతుంది.

మనసు మీద పడే బరువు

పగలు వచ్చేపోయేవాళ్లతో, మందులతో, డ్రెస్సింగులతో గడిచిపోతుంది. దీపం ఆర్పాక మనసుకు పని మొదలవుతుంది. గడ్డ మొత్తం వచ్చేసిందా? బయాప్సీ రిపోర్టులో ఏముంటుంది? కీమో, కరెంటు (రేడియేషన్) పెట్టించుకోవాల్సి వస్తుందా? మళ్లీ వస్తే? ఈ చివరి ప్రశ్న, అంటే జబ్బు తిరగబెడుతుందన్న భయం, చికిత్స ముగిసిన ఏళ్ల తర్వాత కూడా ఉండిపోతుంది. చిన్న తలనొప్పి వచ్చినా, వీపు పట్టేసినా ఆ భయం మేలుకుంటుంది. రివ్యూ తేదీ దగ్గరపడేకొద్దీ పెరుగుతుంది.

దీనికి తోడు శరీరంలో వచ్చిన మార్పు ఉంటుంది. రొమ్ము, గర్భసంచి, దవడ ఎముక, మాట, మలద్వారం వంటివి పోయినప్పుడు మనిషి తన రూపాన్ని, దాంపత్యాన్ని, నలుగురిలో తన స్థానాన్ని తలుచుకుని కుమిలిపోతాడు. ఖర్చు, ఆగిపోయిన కూలి, పిల్లల చదువు, ఆడపిల్ల పెళ్లి కూడా రాత్రిపూటే లెక్కకొస్తాయి.

క్యాన్సర్ రోగుల మానసిక స్థితిపై జరిగిన 70 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి 2011లో లాన్సెట్ ఆంకాలజీ పత్రికలో వచ్చింది. ఆసుపత్రుల్లో క్యాన్సర్ చికిత్స పొందుతున్నవారిలో సుమారు 16 శాతం మందికి డిప్రెషన్, 19 శాతం మందికి పరిస్థితికి సర్దుకోలేని మనోవ్యాధి, 10 శాతం మందికి ఆందోళన జబ్బు ఉన్నట్టు అందులో తేలింది. అన్నీ కలిపి చూస్తే పది మందిలో దాదాపు నలుగురు ఏదో ఒక మానసిక బాధతో ఉన్నారు. అంటే దిగులుపడటం రోగి బలహీనత కాదు. చికిత్స చేయదగిన స్థితి అది.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. దిగులుపడితే క్యాన్సర్ తిరగబెడుతుందని చుట్టుపక్కలవాళ్లు హెచ్చరిస్తుంటారు. అందుకు గట్టి ఆధారం లేదు. ఆ హెచ్చరిక వల్ల జరిగేది మాత్రం ఒకటుంది. రోగి జబ్బుకు భయపడటమే కాక, తన భయానికి కూడా భయపడటం మొదలుపెడతాడు.

బాధ అలవాటుగా మారే తీరు

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఆర్థర్ స్పీల్‌మన్ 1987లో నిద్రలేమిని మూడు మెట్లుగా వివరించాడు. మొదటిది ముందునుంచీ ఉన్న స్వభావం. చిన్నదానికి కంగారుపడేవారు, అంతకుముందే నిద్ర సరిగా లేనివారు ఈ కోవలోకి వస్తారు. రెండోది ఒక్కసారిగా వచ్చిపడే దెబ్బ. క్యాన్సర్ అన్న మాట, ఆపరేషన్, నొప్పి అలాంటివి. మూడోది నిద్రలేమిని నిలబెట్టే అలవాట్లు.

ఈ మూడో మెట్టు దగ్గరే జాగ్రత్తపడాలి. రాత్రి నిద్ర లేదు కదా అని మధ్యాహ్నం మూడు గంటలు పడుకోవడం, నిద్ర వస్తుందేమోనని రాత్రి ఎనిమిదికే మంచమెక్కడం, తెల్లవార్లూ దొర్లుతూ గడియారం చూసుకోవడం, మంచం మీదే అన్నం, మంచం మీదే టీవీ, మంచం మీదే ఫోను. ఆపరేషన్ అయిన మొదటి రోజుల్లో ఇవి తప్పవు, తప్పు కూడా కాదు. కుట్లు మానాక కూడా అలాగే కొనసాగితే, మంచం చూడగానే మెదడు మెలకువకు సిద్ధపడుతుంది. కారణం పోయినా నిద్రలేమి మిగిలిపోయేది ఇలాగే.

కొలిచి చూడటం

కనిపించని బాధను కొలవడానికి సులువైన సాధనాలున్నాయి. మనోవేదన కొలమానం అనేది థర్మామీటరు బొమ్మ. అందులో సున్నా నుంచి పది వరకు గీతలుంటాయి. గడిచిన వారంలో తన బాధ ఎంతో రోగి గుర్తు పెడతాడు. నాలుగు, ఆపైన ఉంటే నిపుణులు మాట్లాడి చూడాలి. నిద్ర కోసం పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 1989లో రూపొందించిన ప్రశ్నావళి ఉంది. ఎన్ని గంటలకు పడుకున్నారు, ఎంతసేపటికి నిద్ర పట్టింది, ఎందుకు మెలకువ వచ్చింది వంటి 19 ప్రశ్నలకు జవాబులు తీసుకుని 21కి మార్కులు వేస్తారు. అయిదు దాటితే నిద్ర బాగాలేనట్టే. వీటికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. ఒక కాగితం, పది నిమిషాల ఓపిక చాలు.

మానసిక తోడ్పాటు అంటే

క్యాన్సర్ రోగుల మనసును వైద్యంలో భాగం చేసిన తొలితరం వైద్యుల్లో జిమ్మీ హాలండ్ ముఖ్యురాలు. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో 1977లో ఆమె క్యాన్సర్ రోగుల కోసం ప్రత్యేక మానసిక వైద్య విభాగాన్ని ప్రారంభించింది. సైకో ఆంకాలజీ అనే శాఖ ఆమె కృషితో నిలదొక్కుకుంది.

ఈ తోడ్పాటు అంచెలంచెలుగా ఉంటుంది. మొదటి అంచె సర్జను, నర్సు దగ్గరే మొదలవుతుంది. ఏం చేయబోతున్నారో, లేచాక ఒంటికి ఎన్ని గొట్టాలుంటాయో, ఎన్నాళ్లకు ఇంటికి వెళ్లవచ్చో ఆపరేషన్‌కు ముందే రోగి భాషలో చెబితే సగం భయం తీరుతుంది. రెండో అంచె కౌన్సెలర్ లేదా సైకాలజిస్టు. జబ్బు తిరగబెడుతుందన్న ఆలోచనలను ఎలా ఎదుర్కోవాలి, ఒకదాని మీద ఒకటి పడ్డ సమస్యలను ఎలా విడదీసి చూడాలి అన్నది వీరు నేర్పుతారు. డిప్రెషన్ తీవ్రంగా ఉన్నప్పుడు సైకియాట్రిస్టు వద్ద మందులు మూడో అంచె.

ఇవన్నీ ఒక పద్ధతిలో అందితే ఫలితం ఎంతుంటుందో స్కాట్లండ్‌లో జరిగిన పరీక్ష చూపింది. క్యాన్సర్‌తో పాటు డిప్రెషన్ ఉన్న 500 మందిని రెండు వర్గాలు చేశారు. ఒక వర్గానికి మామూలు వైద్యం, రెండో వర్గానికి శిక్షణ పొందిన నర్సులు, సైకియాట్రిస్టులు, క్యాన్సర్ డాక్టర్లు కలిసి ఇచ్చే చికిత్స అందింది. ఆరు నెలలకు మామూలు వర్గంలో 17 శాతం మందికి డిప్రెషన్ సగానికి తగ్గగా, రెండో వర్గంలో 62 శాతం మందికి తగ్గింది. ఈ ఫలితాలు 2014లో వెలువడ్డాయి.

తోటి రోగుల బృందాలు కూడా మేలు చేస్తాయి. అమెరికాలో డేవిడ్ స్పీగెల్ 1989లో ప్రచురించిన పరిశోధన, బృందంలో మాట్లాడుకున్న రొమ్ము క్యాన్సర్ మహిళలు ఎక్కువ కాలం జీవించారని చెప్పి సంచలనం సృష్టించింది. కెనడాలో 235 మందితో జరిగి 2001లో వెలువడిన పెద్ద అధ్యయనంలో ఆయుష్షు పెరగడం కనిపించలేదు. కానీ బృందంలో ఉన్నవారి మనోవేదన, నొప్పి తగ్గాయి. మానసిక తోడ్పాటు ఆయుష్షును పెంచే మంత్రం కాదు. ఉన్న రోజులను నొప్పి తక్కువగా, మనసు కుదుటగా గడపడానికి అది దారి.

నిద్రకు ప్రత్యేక చికిత్స

నెలల తరబడి సాగే నిద్రలేమికి ముందుగా మాత్రలు కాక, ఆలోచనలనూ అలవాట్లనూ సరిచేసే చికిత్స ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సిఫారసు చేసింది. క్యాన్సర్ నుంచి కోలుకున్నవారిలోనూ ఇది పనిచేస్తుందని పరీక్షల్లో తేలింది. సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది విడతల్లో ముగిసే ఈ చికిత్సలో ముఖ్యమైన అంశాలు ఇవి.

మొదట వారం పది రోజులు నిద్ర పుస్తకం రాయాలి. ఎప్పుడు పడుకున్నారు, ఎప్పుడు నిద్ర పట్టింది, ఎన్నిసార్లు లేచారు, తెల్లవారి ఎప్పుడు లేచారు అన్న నాలుగు ముక్కలు చాలు. ఆ తర్వాత మంచాన్ని నిద్రకే కేటాయించాలి. కునుకు వస్తేనే పడుకోవాలి. సుమారు ఇరవై నిమిషాలైనా పట్టకపోతే లేచి, తక్కువ వెలుతురులో మరోచోట కూర్చుని, కునుకు వచ్చాక మళ్లీ పడుకోవాలి. రాత్రి ఎలా గడిచినా తెల్లవారి లేచే వేళ మారకూడదు.

ఇంకో అంశం మంచం మీద గడిపే కాలాన్ని కుదించడం. తొమ్మిది గంటలు మంచం మీద ఉండి ఆరు గంటలే నిద్రపోతున్న మనిషిని ఆరు గంటలే పడుకోమంటారు. నిద్ర చిక్కబడేకొద్దీ పావుగంట చొప్పున పెంచుతూ పోతారు. ఇది నిపుణుల పర్యవేక్షణలోనే చేయాలి. గాయం పచ్చిగా ఉన్నప్పుడు, నీరసం ఎక్కువగా ఉన్నప్పుడు, మూర్ఛ జబ్బు ఉన్నవారికి ఇది పనికిరాదు. చివరి అంశం ఆలోచనలు. ఈ రాత్రి నిద్ర పట్టకపోతే రేపు నా ఒళ్లు తట్టుకోదు అన్న ఆలోచనే నిద్రను తరిమేస్తుంది. దిగులు విషయాలను సాయంత్రమే కాగితం మీద రాసి, వాటికి రేపు చేయగలిగిన పని ఒకటి పక్కన రాసుకోవడం చాలామందికి ఊరటనిస్తుంది.

మాత్రల విషయంలో జాగ్రత్త

నిద్రమాత్రలు పూర్తిగా చెడ్డవి కావు. ఆపరేషన్ ముందు రాత్రికో, ఆసుపత్రిలో కొద్ది రోజులకో డాక్టరు రాసి ఇవ్వవచ్చు. మందుల షాపులో అడిగి తెచ్చుకుని నెలల తరబడి మింగడం ప్రమాదం. మార్ఫిన్ జాతి నొప్పి మందులతో కలిస్తే ఊపిరి మందగించవచ్చు. వయసు మళ్లినవారికి తికమక, తూలి పడటం, ఎముక విరగడం వరకు వెళ్తుంది. టామాక్సిఫెన్ వాడే మహిళలకు పరాక్సెటిన్, ఫ్లూవాక్సెటిన్ వంటి కొన్ని డిప్రెషన్ మందులు పడవు. అవి టామాక్సిఫెన్ శరీరంలో పనిచేసే రూపంలోకి మారకుండా అడ్డుకుంటాయి. అందుకే వేసుకుంటున్న ప్రతి మందు చీటీనీ ప్రతి డాక్టరుకూ చూపాలి. మద్యంతో వచ్చే నిద్ర మొదటి జాములోనే ఉంటుంది, రెండో జాముకు మెలకువ వచ్చేస్తుంది.

డాక్టరు అనుమతించాక రోజూ కాసేపు నడవడం, ఉదయపు ఎండలో కూర్చోవడం రాత్రి నిద్రకు మేలు చేస్తాయి. అమెరికాలో 410 మంది క్యాన్సర్ విజేతలపై జరిపి 2013లో ప్రచురించిన పరీక్షలో, వారానికి రెండుసార్లు చొప్పున నాలుగు వారాలు తేలికపాటి యోగా, ప్రాణాయామం, ధ్యానం చేసినవారి నిద్ర మెరుగుపడింది. నిద్రమందుల వాడకం కూడా తగ్గింది.

ఇంట్లోవాళ్ల పాత్ర

తెలుగు ఇళ్లలో రోగికి జబ్బు పేరు చెప్పకుండా దాచడం మామూలు. గడ్డ తీశారు, అంతా బాగైంది అంటారు. తట్టుకోలేరన్న ప్రేమతోనే అలా చేస్తారు. కానీ క్యాన్సర్ ఆసుపత్రి బోర్డు, పక్క మంచాలు, రాలుతున్న జుట్టు రోగికి నిజం చెప్పేస్తాయి. తెలిసీ తెలియనట్టు రోగి, చెప్పీ చెప్పనట్టు కుటుంబం నటిస్తూ ఒకే గదిలో ఒంటరివాళ్లవుతారు. ఎంత తెలుసుకోవాలనుందో రోగినే అడిగి, అంతమేర నిజం చెప్పడం మేలు. ధైర్యంగా ఉండు అని పదేపదే చెప్పేకంటే, ఏం భయంగా ఉందో చెప్పమని అడిగి వినడం ఎక్కువ పనిచేస్తుంది. క్యాన్సర్ అంటుకోదు కనుక పక్కన పడుకోవడానికీ, ఒకే కంచంలో తినడానికీ వెనకాడనక్కర్లేదు. రోగికి తోడుగా ఉన్నవారి నిద్ర కూడా ముఖ్యమే. ఒక్కరే నెలల తరబడి మేలుకునే బదులు వంతులు వేసుకోవాలి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం వల్ల పేద కుటుంబాలకు క్యాన్సర్ ఆపరేషన్లు ఉచితంగా అందడం సాధ్యమైంది. ఆసుపత్రుల్లోని ఆరోగ్యమిత్రలను అడిగి ఏ చికిత్సకు ఎంత వర్తిస్తుందో ముందే తెలుసుకుంటే రాత్రిళ్లు వేధించే లెక్కల్లో ఒకటి తగ్గుతుంది. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే, విశాఖపట్నంలోని హోమీ భాభా వంటి పెద్ద క్యాన్సర్ ఆసుపత్రులకు దూరాన, పల్లెల్లో ఉన్నవారికి ఫోను ఒక ఆసరా. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు 14416 నంబరుపై ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. చనిపోవాలన్న ఆలోచన వచ్చినప్పుడు మాత్రం ఫోనుతో సరిపెట్టకుండా, రోగిని ఒంటరిగా వదలకుండా వెంటనే డాక్టరు వద్దకు తీసుకెళ్లాలి. రాత్రిపూట హఠాత్తుగా ఆయాసం, ఛాతీ నొప్పి, ఒక కాలి పిక్క వాచి నొప్పి చేయడం, వృద్ధులు మనుషులను గుర్తుపట్టకపోవడం వంటివి నిద్రలేమి లక్షణాలు కావు. అవి అత్యవసర వైద్యం అవసరమైన సూచనలు.

రివ్యూకు వెళ్లేటప్పుడు స్కానింగు, రక్తపరీక్షల కాగితాలతో పాటు వారం రోజుల నిద్ర లెక్క రాసిన కాగితం కూడా ఫైలులో పెట్టుకుంటే మంచిది. డాక్టరు అడగకపోయినా దాన్ని చూపి మాట్లాడవచ్చు. నిద్ర గురించి చెప్పడం గొంతెమ్మ కోరిక కాదు. కుట్లు ఎలా మానుతున్నాయో చూపించడం ఎంత అవసరమో, రాత్రి ఎలా గడుస్తోందో చెప్పడమూ అంతే అవసరం.